కుంటకు ఎగువన ప్లాట్లు వేస్తున్నాం, నీళ్లు చెడకుండా ఏం చేయాలి?

ప్రశ్న (హసన్‌పర్తి వైపు రైతు)

అందరికీ నమస్కారం. మా అన్నదమ్ముల నాలుగెకరాల భూమి ఊరి కుంటకు ఎగువన ఉంది. ఇళ్ల స్థలాలు చేద్దామని 200 గజాల చొప్పున 50 ప్లాట్లు గీయించాం. కుంట కింద ఊరి బావులున్నాయి, పశువులు తాగేది ఆ నీళ్లే. మేమూ అక్కడే ఇళ్లు కట్టుకుంటాం. రేపు కుంట కంపు కొడితే ఊరికి ముఖం చూపించలేం. ఇంటికో సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత పెడితే చాలని నక్షా గీసినాయన అంటున్నారు. నిజమేనా?

జవాబు (హన్మకొండ, సివిల్ ఇంజనీరు)

చాలదండీ. సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుగున ఆగుతుంది గానీ, బయటికి వచ్చేది శుభ్రమైన నీరు కాదు. రోగకారక క్రిములు, నైట్రేట్‌గా మారే నత్రజని దానితోపాటే భూమిలోకి దిగుతాయి. ఆ నీరు ఇంకే గుంత తాగునీటి బావికీ బోరుకూ కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. అంటే 59 అడుగులు. మీ ప్లాటు 40 అడుగులకు 45 అడుగులు అనుకుందాం, ఈ మూల నుంచి ఆ మూలకు కొలిస్తేనే 60 అడుగులు. మీ బోరును ఎలాగో తప్పించినా పక్కవారి బోరును తప్పించలేరు. 50 బోర్ల మధ్య 50 గుంతలు!

పైగా మనది గ్రానైటు నేల. మొరం దాటితే రాతి పగుళ్లే. మట్టి వడగట్టినట్లు పగుళ్లు వడగట్టవు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మించిందని తెలిశాక మరిగించినా అది పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

నా సలహా: ప్రతి ట్యాంకు నుంచి సన్నని పైపుతో నీటిని ఒకే చోటికి చేర్చండి. అక్కడ అరలున్న శుద్ధి తొట్టి, దాని తర్వాత గులకరాళ్ల పడక మీద జమ్ము, మెట్టతామర మొక్కలు. శుద్ధి అయిన నీరు పార్కు చెట్లకు పారుతుంది. ఇళ్ల ట్యాంకుల మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించాలి, దాన్ని వాగులో వదలకుండా శుద్ధి కేంద్రానికే పంపాలి.

మిద్దె మీది వాననీటి గుంత వేరు, మురుగు గుంత వేరు. రెండింటినీ ఇంకుడు గుంత అనే అంటున్నాం కాబట్టి నక్షాలో విడివిడిగా రాయించండి.

జవాబు (ధర్మసాగర్, విశ్రాంత ఉద్యోగి)

నాయనా, అంతకంటే ముందు ఒక పని ఉంది. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని ఆ నాలుగెకరాలూ నడువు. నీళ్లు ఎటు దిగుతున్నాయో చూసి గూటాలు పాతు. పాత గ్రామ నక్షాలో కాలువ గీత ఉందేమో వెతుకు. ప్లాట్లు ఆ తర్వాత గీయించాలి. కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసుకట్టు, ఒకదాని మత్తడి (అలుగు) దూకిన నీరు ఇంకోదానికి చేరుతుంది. ఆ దారి మీద ఇళ్లు కడితే ఏమవుతుందో 2020 ఆగస్టులో హన్మకొండ నయీంనగర్ నాలా పొంగినప్పుడు చూశాం.

ఎండాకాలంలో నీటి అంచు చూసి కుంట హద్దు అనుకోకు. మత్తడి దూకేటప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో అదే ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం. పది హెక్టార్ల లోపు కుంటకు అక్కడి నుంచి 9 మీటర్లు, అంతకంటే పెద్ద చెరువుకు 30 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నియమాల 168వ జీవో చెబుతుంది. నన్నడిగితే 9 సరిపోదు. పార్కు స్థలాన్ని పనికిరాని మూలకు నెట్టకుండా ఆ పట్టీకి ఆనించి ఇంకా వెడల్పు చెయ్యి. రోడ్డు నీరు పైపులో నేరుగా కుంటలో పడకుండా గడ్డి కాలువలో మెల్లగా పారాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న వానలో తిరిగాం. మా 30 అడుగుల రోడ్డు సరిగ్గా పాత కాలువ మీదే గీశారు. నాలుగు ప్లాట్లు తగ్గినా కాలువను వదిలేస్తాం, అన్న కూడా ఒప్పుకున్నాడు. మట్టిపని వచ్చే నెలే మొదలుపెట్టవచ్చా?

జవాబు (హన్మకొండ, సివిల్ ఇంజనీరు)

వానాకాలంలో వద్దండీ. నేల గీరి వదిలేస్తే మొరమంతా కుంటలోకే దిగుతుంది. దసరా దాటాక మొదలుపెట్టండి, అదీ ఒక ఎకరం పూర్తయ్యాకే రెండోది తవ్వండి. దిగువన ఇప్పుడే గడ్డి నాటండి, అప్పటికి వేళ్లు పట్టుకుంటాయి. పని మొదలుకాకముందే బావి నీటిని, కుంట నీటిని పరీక్ష చేయించి కాగితం దాచండి.