ములాఖత్ గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

న్యూజిలాండ్ సీరియల్ ‘అవుట్‌రేజియస్ ఫార్చ్యూన్’ (2005–2010) చూశారా? దొంగల కుటుంబం. భర్త వుల్ఫ్‌కి నాలుగేళ్ల జైలు పడగానే షెరిల్ “ఇక దొంగతనాలు బంద్” అంటుంది. పిల్లలు వింటేగా!

అలాంటి ఇల్లే మన సైదాబాద్‌లో ఉంటే ఎలా ఉంటుందని ఓ నాటకం రాస్తున్నా. మా హీరోయిన్ ములాఖత్‌కని ముస్తాబై బయల్దేరి, ఆటోలో లిప్‌స్టిక్ తుడిచేసుకుంటుంది. అక్కడిదాకా బాగానే వచ్చింది, జైలు గేటు దగ్గరే కలం ఆగింది. చంచల్‌గూడలో ములాఖత్ పేరు ముందే రాయించుకోవాలా? ఎంతసేపు మాట్లాడనిస్తారు? ఇంటి నుంచి గోంగూర పచ్చడి తీసుకెళ్తే లోపలికి పంపిస్తారా? శిక్ష ఖాయమయ్యాక చర్లపల్లికి మారుస్తారా?

ఇంకోటి, అసలైంది ఇదే: పక్కింటావిడ “మీ ఆయన కనిపించట్లేదేంటమ్మా” అంటే ఏం చెబుతారు? దుబాయ్ అనేనా? పేర్లేం వద్దు, సంగతి చెబితే చాలు.