మీఁగడ పెరుగుతో మేళవించింది చలిదా, చల్దా?

గీసుగొండ కోడలు:
నాలుగు రోజులాయె, పోతన భాగవతంలో కృష్ణుడు తోటి పిల్లలతో సద్ది తినే పద్యంలోని ఒక పాదం నోట్లోంచి పోతలేదు. "మీఁగడ పెరుగుతో మేళవించిన" తర్వాత మా నాయనమ్మ "చలిది ముద్ద" అనేది. నిన్న బిడ్డకు చెప్తుంటే నా నోటికి "చల్ది ముద్ద" అని వచ్చింది. పోతన ఏది రాసిండు? ఇంకోటి, అది రాత్రి మిగిలిన అన్నమా, పొద్దున వండి మూటగట్టిందా?

జనగామ పంతులు:
చల్దే తల్లీ. గణాలు కట్టి చూడు. ఇది సీసం, పాదం మొదటి సగంలో నాలుగూ ఇంద్రగణాలే రావాలె. మీఁగడ, పెరుగుతో, మేళవిం, ఆ తర్వాత "చినచల్ది", అది సలం అనే ఇంద్రగణం. "చినచలిది" అంటే ఐదు లఘువులు, అది ఏ ఇంద్రగణమూ కాదు. సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో "చల్ది గుడిచె" దగ్గరైతే "చల్ది" హగణం, "చలిది" నగణం, రెండూ సూర్యగణాలే కాబట్టి రెండూ ఇముడుతయి. నాయనమ్మ గారి నాలుకకు అక్కడ "చలిది" అనుడు అలవాటై పై పాదంలోకి ఎక్కి ఉంటది.

కాజీపేట వాసి:
చలిది నుంచి చల్ది, చల్ది నుంచి చద్ది, మన దగ్గరికొచ్చేసరికి సద్ది. మూలం "చలి"యే కదా సార్. అంటే చల్లబడ్డ అన్నం. రాత్రిదే.

నర్సంపేట రైతుబిడ్డ:
ఒప్పుకోనన్నా. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ తెల్లారగట్ల లేచి పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు సద్ది వేడివేడిగా కలిపేది. ఒక్కటన్న రాత్రిది ఉంటదా? నాగలి కట్టెటోనికి పొలం కాడికి పంపేది కూడా సద్దిమూటే. సద్ది అంటే వెంట కొంటబోయే బువ్వ. లేగలను తోలుకొని అడవికి పోయిన పిల్లలు తిన్నది అదే.

హన్మకొండ ల్యాబు:
నేను సూక్ష్మజీవశాస్త్రం చెప్పుకునే దాన్ని, ఛందస్సు జోలికి రాను. కానీ ఆ ముద్దలో జరిగేది చెప్పాలె. అన్నంలో ఉన్నది పిండిపదార్థం. పెరుగులోని లాక్టిక్ బ్యాక్టీరియాలో చాలావాటికి దాన్ని విరగ్గొట్టే అమైలేజ్ ఎంజైము ఉండదు. వాటి తిండి పాలలోని లాక్టోజు. కాబట్టి పెరుగన్నం పులుపు అన్నానిది కాదు, పాలచక్కెరది.

ఇంకో ముచ్చట. ఒక్క గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చితే ఆ జీవికి మిగిలేది రెండు ఏటీపీలే (ఏటీపీ అంటే కణం శక్తిని ఖర్చుపెట్టుకునే నాణెం లాంటి అణువు). ఆక్సిజన్‌తో శ్వాసించే జీవి అదే గ్లూకోజు నుంచి 30 దాకా రాబట్టుకుంటది. మిగతా శక్తి, నూటికి తొంభై పాళ్ల పైనే, ఆ ఆమ్లంలో భద్రంగా ఉంటది. తోడు తన కూలి కింద రెండు గింజలు తీసుకొని గంప మనకిచ్చి పోతదన్నమాట. ఆ ఏటీపీని 1929లో గుర్తించినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తది.

ఆ రెండు గింజలతోనే అవి ఒకటి రెండై, రెండు నాలుగై పోతయి. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడేస్తే తెల్లారేసరికి గిన్నె నిండా అవే. అందుకే పెరుగుకు ఆ పేరు "పెరుగుట" నుంచే వచ్చిందని నా నమ్మకం.

జనగామ పంతులు:
అమ్మా, అక్కడే ఆగండి. "పేరిన నెయ్యి", "పేరుకున్న నూనె" అంటం. పేరు అంటే గడ్డకట్టు. పెరుగుకు అదే మూలం. దీర్ఘం పోయి హ్రస్వమైంది, అంతే.

హన్మకొండ ల్యాబు:
దీర్ఘం ఎందుకు పోయింది సార్? పేరు, పేరిన, పేరుకున్న, అన్నిట్ల "పే" అట్లనే ఉన్నది. ఒక్క పెరుగులోనే ఎందుకు కుదించుకున్నది?

కాజీపేట వాసి:
అక్కా, పేరు పెట్టినోళ్లకు సూక్ష్మజీవి కనబడలేదు. కనబడ్డది గడ్డ.

హన్మకొండ ల్యాబు:
అది న్యాయమైన మాట తమ్మీ. పులుపు పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి దిగితే కేసీన్ ప్రొటీను గడ్డకడ్తది. గృహిణి చూసింది దాన్నే. కానీ చెంచా తోడు పొద్దటికి గిన్నెడయితదని కూడా ఆమే చూసింది. అది పెరగడం కాదా?

నర్సంపేట రైతుబిడ్డ:
పోతన్న ఇవన్నీ ఎరిగినోడు. బమ్మెరకు పోయి సమాధి దగ్గర కూర్చొని ఆ పద్యం నోటికి చదువుకున్న ఒకపాలి. చుట్టూ పొలాలే. డాచంక, అంటే ఎడమ చంకల, ఇరికించిన కర్ర, బొడ్డుకాడ పిల్లనగ్రోవి, అన్నీ మా పసులకాపరుల తీరే. సద్ది తినంది ఆ పద్యం రాదు.

కడప మిత్రుడు:
ఒంటిమిట్టలోనూ పొలాలున్నాయి సోదరా.

జనగామ పంతులు:
పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా అన్న వాదం ఇక్కడ వద్దు నాయనా, వేరే చర్చలో పెట్టుకుందాం. నాకు పద్యంలో ప్రాణం "డాపలిచేత" దగ్గర ఉన్నది. ముద్ద ఎడమచేతిలో ఎత్తుగా నిలిపిండు, ఊరుగాయలు వేళ్ల సందుల్లో ఇరికించిండు. కుడిచేయి ఖాళీ, తినడానికి. రోజూ అట్ల తినే పిల్లలను చూస్తే తప్ప తోచదు.

గీసుగొండ కోడలు:
పంతులుగారూ, గణం లెక్క ఒప్పుకున్న, బిడ్డకు చల్ది అనే నేర్పుత. రాత్రిదా పొద్దుటిదా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. మా నాయనమ్మ రాత్రి అన్నంలో పాలు పోసి తోడేసి ఉట్టి మీద పెట్టేది. పొద్దున దాన్నీ సద్దే అనేది.

హన్మకొండ ల్యాబు:
అక్కా, అట్లయితే "మేళవించిన" అన్నది రాత్రి కలిపిందా, పొద్దున కలిపిందా? పాలు పోసి తోడేస్తే మీఁగడ పైన తేలుతది, దాన్ని మళ్లీ కలపాలె.

నర్సంపేట రైతుబిడ్డ:
అది సరేగానీ, ఊరుగాయలో "ఊరు" ఏ ఊరు? ఉప్పులో ఊరుడా, నీళ్లు ఊరుడా?