"చూడ చూడ రుచులు..." ఆ తర్వాత?

సముద్రపక్షి: ఉప్పు కప్పురంబు పద్యం రెండో పాదం "చూడ చూడ రుచులు వేరు వేరు" అనే నోట్లో ఆడుతోంది. సరైనదేనా? నిన్న టోక్యోలో సోబా (బక్‌వీట్ నూడుల్స్) తిన్నప్పటి నుంచి వదలట్లేదు. నేనిక్కడికొచ్చి 9 ఏళ్లు. పక్కనున్న తైవాన్ మిత్రుడొచ్చి నెల, జపనీస్ ముక్క రాదు. వసాబి (ఘాటైన పచ్చటి ముద్ద) విడిగా పెట్టమని నేను జపనీస్‌లో అడిగితే వడ్డించే ఆమె అతని ముఖం చూసి జవాబు చెప్పింది. మళ్లీ అడిగా, మళ్లీ అతనికే చెప్పింది. అతనికి తినే పుల్లలు (చాప్‌స్టిక్స్), నా పళ్లెం పక్కన కాగితం చుట్టిన ఫోర్కు. లేస్తూ "గొచిసోసమ" (భోజనానికి ధన్యవాదాలు) అన్నానో లేదో "నిహొంగో ఒజోజు దెసు నే" (మీ జపనీస్ ఎంత బాగుందో) అంది. ప్రేమగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

యతిస్థానం: "రుచుల జాడ వేరు" అండీ. మీ పాఠంలో గణాలు సరిపోతాయి, యతి పోతుంది. చూడ–జాడ ప్రాసయతి, అంటే రెండో అక్షరం 'డ' కలవడం.

రోటిపచ్చడి: యతి సరే, ఆ చూడటం కంటితోనా, నాలుకతోనా? కంటికి రెండూ ఒకటేనని మొదటి పాదమే చెప్పేసిందిగా. ఇది రుచి చూడటమే.

యతిస్థానం: ఒప్పుకోను. "తినగ తినగ వేము" అన్న నోరే ఇదీ అన్నది. చూడగా చూడగా, అంటే కాలం మీద.

ఒసాకా కోడలు: జపనీస్‌లోనూ రుచి చూడటం "అజిమి". అజి రుచి, మి చూపు. "తిని చూడు" కూడా అచ్చంగా "తబెతె మిరు". నా ఓటు నాలుకకే. ఇక ఆమె అన్న "జోజు" (నేర్పు) రాసే రెండక్షరాలు పై, చెయ్యి. వాటినే "ఉవాతే" అని చదివితే మన పైచేయి!

రోటిపచ్చడి: చూశారా! అన్నట్టు, వేమన ఉప్పును చిన్నచూపు చూశాడనుకోకండి. ఉప్పులేని కూర పద్యమూ ఆయన పేరు మీదే ఉంది. ఉప్పు విలువ ఆయనకు తెలిసినంతగా...

యతిస్థానం: అది వేరే చర్చ. "చూడ చూడ" తేలలేదు.

సముద్రపక్షి: నాకైతే కాలం మీద అన్న అర్థమే కావాలి. ఇక్కడ రెండో చూపు దాకా ఎవరూ రారు, నా బాధంతా అదే. ఆదివారం మళ్లీ అక్కడికే వెళ్తున్నా. ఈసారి చివర్లో సోబాయు అడుగుతా.

రోటిపచ్చడి: సోబాయు అంటే?

సముద్రపక్షి: సోబా ఉడికించిన నీళ్లు, మన గంజిలాగే. మిగిలిన పులుసులో కలుపుకుని వేడివేడిగా తాగుతారు.

రోటిపచ్చడి: మరి దాన్ని కంటితో ఎలా చూస్తారండీ?