‘కలఁడో లేఁడో’ తర్వాత వచ్చే ‘వినుదట’

మా అబ్బాయికి గజేంద్రమోక్షం పద్యాలు నేర్పుతున్నాను. ‘కలఁడో లేఁడో’ దగ్గర ఆగి, “అయితే ఏనుగుకు నమ్మకం పోయిందా?” అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. తెలిసినవారు చెప్పగలరు.

*

పోలేదనే అనుకుంటాను. అలాగని అనుమానం లేదని అనను. పద్యం మరోసారి చూద్దాం.

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో?

ఇందులో నన్ను పట్టి ఆపే మాట ‘అందురు’. మూడుసార్లు వచ్చింది. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. అనేది లోకం. తాను చూశానని గజేంద్రుడు ఒక్క మాట కూడా అనడు. కాలు మొసలి నోట్లో ఉన్నప్పుడు, అంతకాలం ఇతరుల నోట విన్నది ఎంతవరకు ఆదుకుంటుంది? సంస్కృత మూలంలోని గజేంద్ర స్తుతిలో ఈ సంశయం లేదు. భయపడిన ప్రాణి మనసెరిగి పోతన చేర్చాడు.

ఆ తర్వాత ‘లావొక్కింతయు లేదు’ వస్తుంది. ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’ అంటాడు. ఠావు అంటే చోటు. ప్రాణాలు ఉండవలసిన చోట ఉండటం లేదు! భయాన్ని ఇంత ఒంటికి తగిలేలా చెప్పిన మాట నాకు మరొకటి గుర్తుకు రాదు. ‘కలఁడో లేఁడో’లో ‘వాఁడు’ అయిన దేవుడు ఇక్కడ ‘నీవు’ అయ్యాడు: ‘నీవే తప్ప నితఃపరం బెరుఁగ’.

అక్కడితో అనుమానం తీరిందా అంటే, లేదు. వెంటనే మరో కందం:

విను దఁట జీవుల మాటలు
చను దఁట చనరాని చోట్ల శరణార్థుల కో
యను దఁట పిలిచిన సర్వముఁ
గను దఁట సందేహమయ్యెఁ గరుణావార్ధీ!

‘వినుదు’ అంటే వింటావు. ‘అట’ చేరితే వింటావట. వస్తాడట, ఇస్తారట అని మనం రోజూ అనే ‘అట’ ఇదే, కళ్లతో చూడనిదాన్ని చెప్పేటప్పుడు వాడేది. సందేహం అలాగే ఉంది. కాకపోతే ఎవరి మీద సందేహమో వారికే చెప్పుకుంటున్నాడు, కరుణాసముద్రుడా అని పిలిచి మరీ.

మా నాన్నగారు పోయిన రాత్రి ఆసుపత్రి వరండాలో అమ్మ పక్కన కూర్చున్నాను. వచ్చినవారంతా “దేవుడున్నాడమ్మా” అన్నారు. అమ్మ తల ఊపింది. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు గోడమీది పటం వైపు తిరిగి “అసలు వింటున్నావా?” అంది. అప్పుడు కోపమనుకున్నాను. ఏళ్ల తర్వాత ఈ కందం చదువుతుంటే అదే గొంతు వినిపించింది. మర్నాడు కూడా అమ్మ దీపం పెట్టింది.

అబ్బాయికి ఈ పద్యం కూడా నేర్పండి. చాలామంది ‘లావొక్కింతయు’ దగ్గరే ఆపేస్తారు.

*

‘లావు’ గురించి ఒక మాట. పిల్లలు దాన్ని ఒళ్లు అనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ బలం అని ముందే చెప్పాలి. లేకపోతే ఏనుగు చిక్కిపోయిందనుకుంటారు.

*

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మూడు పద్యాలూ కలిపి చదివాం. ‘ఓ యనుదట పిలిచిన’ దగ్గర ఆగి, “నేను పిలిస్తే పెరట్లోంచి నువ్వు ‘ఓ’ అంటావే, అలాగా?” అని అడిగాడు. అలాగే నాన్నా, అన్నాను.