సీనియర్ ఈఈఓ స్పెషలిస్ట్‌గా చేస్తున్న మనవాళ్లు ఎవరైనా ఉన్నారా? సలహా కావాలి

అందరికీ నమస్తే అండి. నేను మేరీలాండ్‌లో ఒక ఫెడరల్ ఏజెన్సీలో ఈఈఓ (ఉద్యోగంలో సమాన అవకాశాలు, అంటే వివక్ష ఫిర్యాదులు చూసే విభాగం) కౌన్సెలర్‌ని, ఇప్పుడు సీనియర్ స్పెషలిస్ట్ పోస్ట్ పడింది, 0260 సిరీస్ (ఈఈఓ ఉద్యోగాల కోడ్), జీఎస్-13 (జీతం గ్రేడ్), అప్లై చేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నా.

కౌన్సెలింగ్ నాకు అలవాటే. వివక్ష జరిగిందనుకున్న ఉద్యోగులు అది జరిగిన 45 రోజుల్లోపు మా దగ్గరికి వస్తారు, ఇద్దరి మాటా విని మామూలుగా 30 రోజుల్లో రాజీ కుదురుతుందేమో చూస్తాం, కుదరకపోతే నోటీసు ఇస్తాం, అది అందాక ఫార్మల్ కంప్లైంట్‌కి 15 రోజులే టైమ్. సీనియర్ అయితే మాత్రం కంప్లైంట్ తీసుకోవాలా డిస్మిస్ చేయాలా అని లెటర్ రాయాలి, 180 రోజుల్లో ఇన్వెస్టిగేషన్ అయ్యేలా వెంటపడాలి, అఫిడవిట్లలో లొసుగులు పట్టాలి, పైగా ఏటా ఎండీ-715 రిపోర్ట్ (ఏజెన్సీలో సమాన అవకాశాలు ఎలా అమలవుతున్నాయో చెప్పేది), ఆ వర్క్‌ఫోర్స్ టేబుల్స్ చూస్తేనే నాకు తల తిరుగుతుంది.

అసలు బెంగ అది కాదులెండి. గుడిలో ప్రసాదం లైన్‌లో కూడా పక్కకి పిలిచి "మా మేనేజర్ నా యాక్సెంట్‌ని వెక్కిరిస్తున్నాడండీ, కేసు పెట్టమంటారా" అని అడుగుతారు. అది నేషనల్ ఆరిజిన్ (ఏ దేశం నుంచి వచ్చామన్నదాన్ని బట్టి చూపే వివక్ష) కిందకి రావచ్చు, గడువు దాటనివ్వకండి, మీ ఏజెన్సీ ఈఈఓ ఆఫీసుకి వెళ్లండి అంటా, అంతకుమించి చెప్పనని మొహం మాడ్చుకుంటారు. మేం ఎవరి పక్షమూ కాదని ఎంత చెప్పినా ఎక్కదు.

రేపు మా ఏజెన్సీలోనే తెలిసినవాళ్ల ఫైల్ నా టేబుల్ మీదకి వస్తే మీరైతే ఏం చేస్తారు, ముందే బాస్‌కి చెప్పి వేరేవాళ్లకి ఇప్పించేస్తారా? ఇంకోటి, ఇంటర్వ్యూలో లెటర్ శాంపిల్ అడుగుతారా, ఎండీ-715 ఎక్కడ నేర్చుకున్నారు?