అప్‌డేట్: చిల్లర్ లేకుండా 60 లీటర్ల రీఫ్ ట్యాంకు

పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుని (రీఫ్ ట్యాంకు) హైదరాబాద్ ఎండాకాలంలో చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుండా నెట్టుకురావచ్చా, ఇసుక మీద గోధుమ రంగు పొర ఎందుకొస్తోంది అని అడిగాను కదా. రెండూ దారికొచ్చాయి.

గాజు మూత తీసేసి, నీటి మీదకి ఏటవాలుగా 12 వోల్టుల ఫ్యాన్ పెడితే 30 డిగ్రీలు దాటే నీళ్లు 27కి దిగాయి. పొడి గాలి ఉంది కాబట్టి సరిపోయింది. విశాఖ ఉక్కపోతలో ఇంత దిగదు. కాకపోతే రోజూ లీటరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం ట్యాంకులోనే ఉంటుంది. నాలుగు రోజులు వదిలేస్తే ఉప్పు 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35) కాస్తా 37.5 అవుతుంది. అందుకే ఆటో టాప్-ఆఫ్ (తగ్గిన నీళ్లని పంపుతో తనంతట తానే నింపే ఏర్పాటు), అదీ ఉప్పు కలపని శుద్ధమైన నీళ్లతోనే. నీటిమట్టం చూసి పంపుని ఆపే ఫ్లోట్ స్విచ్‌కి జాలీ తొడగండి, నత్త ఎక్కి కూర్చుంటే పంపు ఆగదు.

గోధుమ పొర డయాటమ్‌లే (సిలికేట్‌తో పెరిగే సూక్ష్మ నాచు). అసలు దొంగ ఇంటి ఆర్‌ఓ ఫిల్టర్. రుచి కోసం అందులో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కంట్రోలర్ స్క్రూ ఉంటుంది, అది వడకట్టని పచ్చి నీళ్లని మళ్లీ కలిపేస్తుంది. దాన్ని పూర్తిగా మూసి, మినరల్ కార్ట్రిడ్జ్‌కి ముందే నీళ్లు తీసుకుని, మిగిలిన లవణాలని పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపితే టీడీఎస్ మీటరు సున్నా చూపించింది. 1 కనబడగానే రెజిన్ మార్చేయాలి. అరిగిన రెజిన్ ముందు వదిలేసేది సిలికేట్‌నే, దాన్ని టీడీఎస్ మీటరు సరిగా పట్టదు.

రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పు శాతం కొలిచే పరికరం) ఉప్పు లేని శుద్ధ నీళ్లతో కాదు, 35 పీపీటీ ద్రావణంతో సరిచూడమని మీరిచ్చిన సలహా బంగారం. జోయాంథిడ్లు (పువ్వుల్లా విచ్చుకునే మెత్తటి పగడాల్లాంటి జీవులు) పూర్తిగా విచ్చుకుంటున్నాయి. ఆల్కలినిటీ (నీటి క్షారత) 8-9 డీకేహెచ్ (దాని కొలమానం) దగ్గర నిలకడగా ఉంటేనే గట్టి పగడాల జోలికి వెళ్తా.