'మీడియోకర్' అంటే మధ్యస్థమేనా?

ఇంగ్లీష్ టీచర్:
డిగ్రీ చదివే మా స్టూడెంట్ ఒకమ్మాయి మాస్టర్స్‌కి రాసుకున్న ఎస్‌ఓపీ (అడ్మిషన్ కోసం తన గురించి, తన లక్ష్యం గురించి రాసే వ్యాసం) తెచ్చి చూపించింది. 'నా ఇంగ్లీష్ మీడియోకర్' అని రాసుకుంది! అడిగితే "అర్థం మధ్యస్థమనే కదా మేడమ్" అంది. మోడరేట్, మీడియం, యావరేజ్, మీడియోకర్ అన్నిటికీ ఆ ఒక్క అర్థమే రాయిస్తున్నాం. ఇది మనం చేస్తున్న తప్పు. మీడియోకర్‌కి సరైన మాట 'అంతంతమాత్రం'. మీరేమంటారు?

అనువాదకుడు:
నేను ఒప్పుకోను మేడమ్. దాని మూలమైన లాటిన్ మాటకి మధ్యరకం అనే అర్థం. రోమన్ కవి హొరేస్ 'ఆరియా మీడియోక్రిటాస్' అన్నది పొగడ్తగానే, అతి లేని బంగారు మధ్యమార్గం అని. పిల్లలకి ముందు ఒక అర్థం పట్టుబడనివ్వండి, తేడాలు తర్వాత చెప్పొచ్చు.

ఇంగ్లీష్ టీచర్:
ఆ 'తర్వాత' ఎప్పుడండీ? అప్లికేషన్ చదివేవాళ్లు హొరేస్‌ని తలుచుకోరు, 'ఈ అమ్మాయికి ఇంగ్లీష్ సరిగా రాదు' అనుకుంటారు. పైగా ఈ తేడాలు తెలుగులో ఎప్పటినుంచో ఉన్నాయి. రోజూ వార్తల్లో 'తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు' అని వింటాం. వాతావరణ శాఖ లెక్కలో మోస్తరు అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు. ఇది మోడరేట్. 2,000 హెక్టార్లు దాటి 10,000 వరకు ఆయకట్టు ఉంటే 'మధ్యతరహా' ప్రాజెక్టు. ఇది మీడియం. లెక్కల్లో సగటు, యావరేజ్. వ్యాపారం అంతంతమాత్రం అన్నామంటే అది కొలత కాదు, పెదవి విరుపు. మన ఇంట్లోనే ఇన్ని మాటలుంటే అన్నిటినీ ఒకే గంపలో ఎందుకు వేయాలి?

రిక్రూట్‌మెంట్‌లో పనిచేస్తాను:
రెజ్యూమేల్లో 'ఇంగ్లీష్: మోడరేట్' అని తెగ రాస్తుంటారు. భాషా స్థాయికి ఇంటర్మీడియట్ అనాలి. ఐరోపా భాషా కొలమానంలో మధ్య స్థాయిలైన బి1, బి2లకి వాడే మాట అదే. కానీ మనవాళ్లకి ఇంటర్మీడియట్ అనగానే ఇంటర్ చదువే గుర్తొస్తుంది, అందుకే వాడటానికి వెనకాడతారు.

అనువాదకుడు:
వర్షం ఉదాహరణ బాగుంది. మీడియోకర్ విషయంలో మీ మాటే సరి. కానీ 'మోస్తరు' అన్నంత మాత్రాన పని అయిపోదు మేడమ్. గాలి నాణ్యత సూచీ మన దేశంలో 101–200 ఉంటే మోడరేట్, అమెరికాలో 51–100 ఉంటే మోడరేట్. ఏ కొలతలో మధ్యో చెప్పకపోతే మంచి మాటా మోసం చేస్తుంది. అందుకే ముందు ఒక అర్థం చాలు అంటున్నాను, అది మాత్రం వదులుకోను.

ఇంగ్లీష్ టీచర్:
కొలత చెప్పాలన్నది నిజం. ఆ అమ్మాయి చేత ఆ విశేషణమే తీసేయించాను. 'క్లాసు ఇంగ్లీషులో విని నోట్సు రాసుకోగలను, నలుగురిలో మాట్లాడటం ఇంకా సాధన చేస్తున్నాను' అని రాసింది. రేపు క్లాసులో మాత్రం ఆ నాలుగు మాటలూ నాలుగు తెలుగు మాటలతోనే చెప్తాను.